వీపీఎన్ కొనేముందు

యూట్యూబులో ఏ టెక్ వీడియో పెట్టినా మధ్యలో ఒక నిమిషం ఆగి మరీ చెప్పే ప్రకటన ఒకటుంటుంది. వీపీఎన్ వేసుకుంటే ప్రపంచంలోని ఏ ఓటీటీ అయినా మీ ఇంట్లో కూర్చుని చూసేయొచ్చు, మిమ్మల్ని ఎవరూ కనిపెట్టలేరు, కింద లింకు నొక్కితే భారీ తగ్గింపు. ఇందులో మొదటిది సగం నిజం, రెండోది పావు నిజం. మూడోది మాత్రం పూర్తిగా నిజమే, కాకపోతే ఆ తగ్గింపు మొదటి చందాకే వర్తిస్తుంది.

టీవీ చూడటానికి వీపీఎన్ కొందామా అని అడిగేవాళ్లలో చాలామందికి దాని అవసరం ఉండదని నా అభిప్రాయం. వాళ్లకు కావలసింది ఒక్కోసారి వేరే యాప్, ఒక్కోసారి వేరే చందా, ఇంకొన్నిసార్లు రూటరును పడగ్గదికి కాస్త దగ్గరగా జరపడం. అవన్నీ చూసుకున్నాక కూడా పని కాకపోతే అప్పుడు వీపీఎన్ సంగతి ఆలోచించొచ్చు. అది ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో తెలిసి కొంటే డబ్బు దండగ కాదు.

అడ్డు ఎక్కడుంది?

ముందు ఒక కాగితం తీసుకుని నాలుగు ముక్కలు రాయండి. మీకు కావలసింది ఏ కార్యక్రమం, ఏ భాషలో, మీరున్నది ఏ దేశంలో, చూడాలనుకుంటున్నది ఏ తెర మీద. చాలా చిక్కులు ఈ నాలుగూ రాసేసరికే విడిపోతాయి.

‘ఆర్ఆర్ఆర్’ సంగతే తీసుకోండి. 2022 మే 20న ఆ సినిమా ఓటీటీలోకి వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ తీసుకున్నది హిందీ వెర్షన్. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5కి వెళ్లాయి. అమెరికన్లు విరగబడి చూసింది ఆ హిందీ డబ్బింగే. అక్కడి తెలుగువాళ్లు నెట్‌ఫ్లిక్స్ తెరిచి, ఆడియో మెనూలో తెలుగు కనపడక, ఇండియా సర్వరుకు మారితే వస్తుందేమోనని అనుకుంటే ఆశ్చర్యం లేదు. కానీ ఇండియా నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నదీ హిందీయే. అక్కడి సర్వరుకు మారినా తెలుగు రాదు. జీ5 అప్పటికే, 2021 నుంచి, అమెరికాలో నేరుగా చందాలు అమ్ముతోంది. అంటే అక్కడ అడ్డుపడింది దేశం కాదు, యాప్.

విదేశాల్లో ఉన్న తెలుగు ప్రేక్షకుడికి ఇవాళ ఉన్నన్ని దారులు పదిహేనేళ్ల కిందట లేవు. అహా, సన్ నెక్స్ట్ బయటి దేశాల్లోనూ చందాలు ఇస్తున్నాయి. సీరియళ్లు, వార్తా చానళ్లు లైవుగా కావాలంటే 2006లో మొదలైన యప్ టీవీ ఉంది. అమెరికాలో స్లింగ్ కూడా తెలుగు ప్యాకులు అమ్ముతుంది. ఆర్నెల్లు ఉండటానికి వచ్చిన అత్తగారికి సాయంత్రం సీరియలు కావాలన్నది సమస్య అయితే, ఈ ప్యాకుల్లో ఒకదానికి నెలకింత కట్టడమే సుఖం. ఆవిడ చేతిలో రిమోటు పెట్టి, ముందు ఈ తాళం గుర్తు నొక్కండి, ఇండియా అని వచ్చేదాకా ఆగండి, రాకపోతే ముంబై తీసేసి సింగపూరు పెట్టండి అని రోజూ పాఠం చెప్పే పని తప్పుతుంది.

పది రోజుల కోసం దేశం దాటే ప్రయాణికుడి సంగతి వేరు. నెట్‌ఫ్లిక్స్ ఖాతా ఎక్కడికి వెళ్లినా పనిచేస్తుంది గానీ, మీరు దిగిన దేశపు జాబితా చూపిస్తుంది. ప్రైమ్ వీడియో అయితే విదేశాల్లో చూడటానికి కొన్ని టైటిళ్లు మాత్రమే వదులుతుంది. ఇలాంటివాళ్లు బయలుదేరే ముందు రోజు రాత్రి కావలసినవి ఫోనులోకో ట్యాబ్‌లోకో డౌన్‌లోడ్ చేసుకుంటే సగానికి పైగా పని అయిపోతుంది. ఒకటి రెండు టైటిళ్లు అక్కడికి వెళ్లాక తెరుచుకోకపోవచ్చు, అంతే.

ఇక సినిమా మధ్యలో చక్రం తిరుగుతోందని వీపీఎన్ కొనేవాళ్లుంటారు. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కె బొమ్మకు 15 ఎంబీపీఎస్ చాలు. మీ కనెక్షను వంద ఎంబీపీఎస్ అయివుండి కూడా బొమ్మ ఆగుతోందంటే తప్పు మీ ఇంటి వైఫైలో ఉండే అవకాశమే ఎక్కువ. టీవీకి ఒక లాన్ కేబుల్ లాగి చూడండి. మీ ఇంటర్నెట్ కంపెనీకీ ఆ ఓటీటీ సర్వర్లకూ మధ్య దారి రద్దీగా ఉన్నప్పుడు వీపీఎన్ వేరే దారిన తీసుకెళ్లి కాస్త మేలు చెయ్యొచ్చు. అది అరుదు. మామూలుగా వీపీఎన్ వేగాన్ని తగ్గిస్తుందే తప్ప పెంచదు.

కంచె ఎవరు వేశారు?

ఒకే సినిమా ఒక దేశంలో కనపడి ఇంకో దేశంలో కనపడకపోవడానికి సాంకేతిక కారణం ఏమీ లేదు. అంతా హక్కుల బేరం. నిర్మాత గానీ క్రీడా సంఘం గానీ హక్కులను దేశాలవారీగా విడగొట్టి అమ్ముకుంటే ఎక్కువ డబ్బు వస్తుంది. 2022 జూన్‌లో బీసీసీఐ ఐపీఎల్ ప్రసార హక్కులను 2023 నుంచి 2027 దాకా అయిదు సీజన్లకు వేలం వేస్తే 48,390 కోట్ల రూపాయలు వచ్చాయి. ఇండియాలో టీవీ ఒకరికి, ఇండియాలో డిజిటల్ ఒకరికి, విదేశాలు మళ్లీ ముక్కలుగా. అమెరికా హక్కులు టైమ్స్ ఇంటర్నెట్‌కు వెళ్లాయి కాబట్టి అక్కడ ఐపీఎల్ ఆ కంపెనీదే అయిన విల్లో టీవీలో వస్తుంది. ఇండియాలో కొన్న కంపెనీ తన యాప్‌ను అమెరికాలో ఉన్నవాడికి తెరిచిపెడితే, అక్కడ డబ్బు పోసి కొన్నవాడు ఊరుకుంటాడా? అందుకే కంచె. ఓటీటీ కంపెనీకి మీమీద కోపమేమీ లేదు, ఒప్పందం ప్రకారం కంచె కాపలా కాయాలి.

ఈ కాపలా గట్టిపడటం మొదలైంది 2016లో. ఆ ఏడాది జనవరి 6న నెట్‌ఫ్లిక్స్ ఇండియాతో సహా 130 కొత్త దేశాల్లో ఒక్కసారిగా అడుగుపెట్టింది. అదే నెలలో, పక్క దేశం జాబితాలోకి దొంగదారిన వచ్చేవాళ్లను ఆపుతామని ప్రకటించింది.

అది చేసే పని

ఇంటర్నెట్‌లో మీ ప్రతి కనెక్షనుకూ ఒక ఐపీ అడ్రసు ఉంటుంది. దాన్ని చూసే ఓటీటీ మీరు ఏ దేశంలో ఉన్నారో తెలుసుకుంటుంది. వీపీఎన్ అంటే ఉత్తరాలకు కేరాఫ్ అడ్రసు ఇవ్వడం లాంటిది. మీ ఫోను నుంచి వెళ్లేదంతా ముందు వీపీఎన్ కంపెనీ సర్వరుకు గుప్త రూపంలో వెళుతుంది. అక్కణ్ణుంచి ఆ సర్వరు అడ్రసుతో బయటికి వెళుతుంది. జవాబు కూడా అదే దారిలో తిరిగొస్తుంది. మీ ఇంటర్నెట్ కంపెనీకి మీరు వీపీఎన్ సర్వరుతో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ఓటీటీకి ఆ సర్వరు ఉన్న దేశం కనపడుతుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. మీ ఇంటర్నెట్ కంపెనీకి దాచిన సమాచారం వీపీఎన్ కంపెనీ చేతిలోకి వెళ్లింది. మీరు ఏ సైటుకు ఎప్పుడు వెళ్లారో ఇప్పుడు వాళ్లకు తెలుస్తుంది. నమ్మకం ఒకరి దగ్గర్నుంచి తీసి ఇంకొకరి దగ్గర పెట్టారన్నమాట. కాబట్టి ఆ ఇంకొకరు ఎవరన్నదే అసలు ప్రశ్న.

అడ్రసు మారినంత మాత్రాన మీరు మారిపోరు. మీ ఈమెయిలు అదే, ఫోను నంబరు అదే, డబ్బు కట్టిన కార్డు జారీ చేసిన దేశం అదే. ఫోనులో యాప్ అయితే మీరు లొకేషన్ అనుమతి ఇచ్చివుంటే జీపీఎస్ కూడా చూస్తుంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కూర్చుని ఐపీ మాత్రం ముంబై అని చెబుతుంటే, జీపీఎస్ టెక్సస్ అని అరుస్తుంటుంది. కొన్ని ఇండియా యాప్‌లకు +91 నంబరుకు ఓటీపీ వెళితే గానీ లాగిన్ కుదరదు. ప్లే స్టోరులో మీ ఖాతా దేశం అమెరికా అయితే అసలు ఆ యాప్ కనపడకపోవచ్చు. ఆ దేశం సెట్టింగును గూగుల్ ఏడాదికి ఒక్కసారే మార్చుకోనిస్తుంది. సినిమా కోసం మార్చేసి, మర్నాడు ఊళ్లోని బ్యాంకు యాప్ దొరక్క ఏడాది పాటు ఇబ్బందిపడటం అవసరమా?

చవకగా దొరుకుతుందని వేరే దేశం నుంచి చందా కట్టే కిటుకు కూడా ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉండేది. ధర తక్కువ దేశాల్లో ఇండియా ఒకటి కాబట్టి పాశ్చాత్య దేశాలవాళ్లు వీపీఎన్‌తో ఇండియా ధరకు యూట్యూబ్ ప్రీమియం తీసుకునేవారు. 2024 జూన్‌లో గూగుల్ అలాంటి చందాలను రద్దు చెయ్యడం మొదలుపెట్టింది. ఖాతా ఏ దేశంలో తెరిచారో, వాడకం ఏ దేశంలో ఉందో పోల్చి చూడటం వాళ్లకు పెద్ద పనేం కాదు.

ఎలా పట్టుకుంటారు?

వీపీఎన్ సర్వర్లు ఇళ్లలో ఉండవు, డేటా సెంటర్లలో ఉంటాయి. ఏ అడ్రసులు ఏ డేటా సెంటరువో చెప్పే జాబితాలు బజార్లో అమ్ముతారు. ఒకే అడ్రసు నుంచి ఒకే సాయంత్రం వేలమంది లాగిన్ అవుతుంటే చిన్నపిల్లాడు కూడా చెబుతాడు అది ఇల్లు కాదని. వీపీఎన్ కంపెనీలు మామూలు ఇళ్ల అడ్రసులను వాడటం మొదలుపెడితే, 2021 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ వాటినీ పట్టుకుంది. ఆ ఊపులో వీపీఎన్ మొహం ఎరగని మామూలు చందాదారుల జాబితాలు కూడా సగానికి సగం మాయమై, వాళ్లు ఫిర్యాదులు చేసుకోవలసి వచ్చింది.

పట్టుకున్నాక ఖాతా మూసేస్తారని భయపడేవాళ్లుంటారు. నెట్‌ఫ్లిక్స్ మామూలుగా చేసేది అది కాదు. ప్రపంచమంతటా తమకు హక్కులున్న టైటిళ్లు మాత్రమే ఉంచి మిగతావన్నీ మీ తెర మీద నుంచి తీసేస్తుంది. ‘స్ట్రేంజర్ థింగ్స్’ కనపడుతుంది, మీరు ఏ సినిమా కోసం వచ్చారో అది ఉండదు. చాలామంది ఇది చూసి వీపీఎన్ పనిచేస్తోంది గానీ ఆ దేశంలో ఆ సినిమా లేదు కాబోలు అనుకుంటారు. కాదు, పట్టుబడ్డారు. ప్రకటనలతో వచ్చే చవక ప్లాన్‌లోనూ, లైవ్ కార్యక్రమాలకూ నెట్‌ఫ్లిక్స్ వీపీఎన్‌ను అసలు ఒప్పుకోదు. మిగతా కంపెనీలు చాలావరకు ఒక వాక్యం చూపించి తలుపేసేస్తాయి.

అంటే ఇవాళ పనిచేసిన సర్వరు రేపు పనిచేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇస్తే నమ్మకండి. ఈ దాగుడుమూతలకు ఓపిక లేనివాళ్లు ఈ అధ్యాయం ఇక్కడ ఆపేసినా నష్టం లేదు.

చట్టం మాటేమిటి?

ఇండియాలో వీపీఎన్ వాడటం నేరం కాదు. లక్షలాది ఐటీ ఉద్యోగులు రోజూ వాడుతున్నది అదే. జమ్మూ కశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో మాత్రం భద్రతా కారణాలతో అధికారులు అప్పుడప్పుడు నిషేధించారు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు పడింది వాడేవాళ్ల మీద కాదు, అమ్మేవాళ్ల మీద. ఖాతాదారుల పేర్లు, అడ్రసులు, ఐపీలు అయిదేళ్ల పాటు భద్రపరచాలన్నారు. అది తమ పద్ధతికి విరుద్ధమని ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ లాంటి కంపెనీలు ఇండియాలోని సర్వర్లు పీకేసుకుని వెళ్లిపోయాయి. ఇప్పుడు వాటి యాప్‌లో ఇండియా అని కనపడేది సింగపూరులోనో లండన్‌లోనో ఉన్న యంత్రం, ఇండియా అడ్రసు తగిలించుకుని కూర్చుంటుంది. డాలస్ నుంచి ఇండియా నొక్కి, ఎందుకింత మెల్లగా ఉందని విసుక్కునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఓటీటీ నిబంధనలు దాటడం వేరు, చట్టం దాటడం వేరు. నిబంధన దాటితే చందా పోవచ్చు. చట్టం విషయానికొస్తే, 2012 సవరణతో మన కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షను చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు అని అందులో ఉంది. డబ్బు కట్టి చూసే చందాదారుడు ఒకడు, ఐబొమ్మ లాంటి చోట దొంగ ప్రింటు చూసేవాడు ఒకడు. వీళ్లిద్దరినీ ఒకే గాటన కట్టలేం. కానీ దొంగ ప్రింటును వీపీఎన్ వెనక నుంచి చూసినా అది దొంగ ప్రింటే. తమ జాడ ఎవరికీ దొరకదని ఐబొమ్మవాళ్లూ అనుకున్నారు. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఈ పేరా రెండుసార్లు చదవండి. యూఏఈలో సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చెయ్యడానికో దాన్ని కప్పిపుచ్చడానికో ఐపీ అడ్రసు మార్చుకుంటే జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. జరిమానా తక్కువలో తక్కువ వేసినా కోటి రూపాయల పైమాటే. వీపీఎన్ పెట్టుకోవడమే నేరమని చట్టం అనలేదు. కానీ అక్కడ వాట్సాప్ కాల్స్ బంద్ కాబట్టి ఇంటికి వీడియో కాల్ చెయ్యడానికి లేబర్ క్యాంపుల్లో ఉచిత వీపీఎన్‌లు చేతులు మారుతుంటాయి. ఏది నేరం కిందికి వస్తుందో తేల్చేది మీరూ నేనూ కాదు. నిజామాబాదు నుంచో కడప నుంచో అప్పు చేసి వెళ్లిన మనిషి ఒక క్రికెట్ మ్యాచి కోసం ఆ ప్రమాదం మీద వేసుకోవద్దు. అనుమతి ఉన్న కాలింగ్ యాప్‌లు, చందాకు దొరికే చానళ్లు చూసుకోండి.

బ్రిటన్ సంగతి ఇంకో రకం. బీబీసీ ఐప్లేయర్ ఉచితం కదా, లండన్ సర్వరు పెట్టుకుంటే చాలదా అంటారు. 2016 సెప్టెంబరు 1 నుంచి ఐప్లేయర్‌లో ఏది చూడాలన్నా టీవీ లైసెన్సు ఉండాలి, అది బ్రిటన్‌లోని ఇళ్లు కట్టే సొమ్ము. యాప్ అడిగినప్పుడు లైసెన్సు ఉందని నొక్కితే అబద్ధం చెప్పినట్టే. యూరోపియన్ యూనియన్‌లో ఉన్న మన విద్యార్థులకు మాత్రం చట్టమే సాయం చేసింది. 2018 ఏప్రిల్ 1 నుంచి, జర్మనీలో డబ్బు కట్టిన చందాదారుడు సెలవులకు ఫ్రాన్స్ వెళితే అక్కడా తన జర్మనీ జాబితానే చూపించాలి. ఆ మేరకు వాళ్లకు వీపీఎన్ అక్కర్లేదు. బ్రిటన్ బయటికి వెళ్లిపోయాక, 2021 నుంచి ఈ వెసులుబాటు అక్కడివాళ్లకు లేదు.

ఉచితం

ఉచిత వీపీఎన్‌ల గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, వద్దు. ఎందుకో చెబుతాను.

సర్వర్లకు అద్దె కట్టాలి, బ్యాండ్‌విడ్త్‌కు కట్టాలి. సినిమా అంటే గంటకు గిగాబైట్లు. ఈ ఖర్చు మీరు భరించకపోతే ఎవరో భరిస్తున్నారు, వాళ్లకు బదులుగా ఏదో ముడుతోంది. 2015లో హోలా అనే ఉచిత సర్వీసు సంగతి బయటపడింది. దాన్ని వాడేవాళ్ల కనెక్షన్లనే ఇతరులకు దారిగా మలిచి, ఆ దారిని డబ్బుకు అమ్ముకుంటోంది. ఫేస్‌బుక్ సొంత వీపీఎన్ ఒనావో, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో కూపీ లాగుతోందని గొడవై, 2018లో ఆపిల్ స్టోరు నుంచి పోయింది. 2020లో, లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏ సైటుకు వెళ్లారన్న రికార్డులు, తమ దగ్గర అసలు ఉండవని చెప్పిన కొన్ని హాంకాంగ్ ఉచిత వీపీఎన్‌ల నుంచి ఆ లేవన్న లాగ్‌లే బయటపడ్డాయి.

వీటన్నిటికన్నా పెద్దది 911 ఎస్5 వ్యవహారం. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ లాంటి పేర్లతో ఉచితంగా దొరికిన ప్రోగ్రాములను జనం తమ కంప్యూటర్లలో వేసుకున్నారు. లోపల దాక్కున్న మరో ప్రోగ్రాము ఆ కంప్యూటర్లను నేరగాళ్లకు అద్దెకిచ్చింది. అమెరికా న్యాయశాఖ 2024 మేలో దీన్ని మూయించేనాటికి 190కి పైగా దేశాల్లో కోటీ 90 లక్షల ఐపీ అడ్రసులు అందులో చిక్కుకుని ఉన్నాయి. ఎవరో ఎక్కడో చేసిన మోసానికి మీ ఇంటి అడ్రసు ఆనవాలు. పోలీసులు వచ్చేది ముందు ఆ అడ్రసుకే.

డబ్బులు తీసుకునే కంపెనీ నెలకింత కోటాతోనో, తక్కువ సర్వర్లతోనో ఇచ్చే ఉచిత ప్లాన్ వేరు. అది నమూనా సరుకు, దాని మీద అనుమానం అక్కర్లేదు. కాకపోతే టీవీకి అది చాలదు.

పెట్టుకునే పద్ధతి

ఫోనులో వేసుకోవడం అందరికీ వస్తుంది. చిక్కంతా టీవీ దగ్గరే. సామ్‌సంగ్, ఎల్‌జీ టీవీల సొంత స్టోర్లలో పేరున్న వీపీఎన్ యాప్‌లు దాదాపు దొరకవు. గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ సెట్లలో దొరుకుతాయి, ఫైర్ టీవీ స్టిక్కుల్లో చాలా మోడళ్లకు ఉన్నాయి. ఆపిల్ టీవీ పెట్టెకు 2023లో వచ్చిన టీవీఓఎస్ 17 నుంచి వచ్చాయి. ఫోనులో వీపీఎన్ పెట్టి టీవీకి కాస్ట్ చేస్తే చాలనుకోవద్దు. కాస్ట్ నొక్కగానే సినిమాను తెచ్చుకునేది టీవీయే, ఫోను రిమోటుగా మారిపోతుంది. టీవీకి వీపీఎన్ లేదు కాబట్టి అడ్రసు అసలుదే కనపడుతుంది. లాప్‌టాప్‌లో వీపీఎన్ పెట్టి హెచ్‌డీఎంఐ తీగతో కలపడం అన్నిటికన్నా సులువు, అందంగా ఉండదు గానీ పనిచేస్తుంది. రూటరులోనే పెడితే ఇల్లంతటికీ వర్తిస్తుంది. కానీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటరులో సాధారణంగా ఆ సదుపాయం ఉండదు, వేరే కొనాలి.

యాప్ సెట్టింగుల్లో ప్రోటోకాల్ అని ఉంటుంది. వైర్‌గార్డ్ ఉంటే అది ఎంచుకోండి. 2020లో లినక్స్ కెర్నెల్‌లోనే చేరిన పద్ధతి ఇది, చిన్నది, వేగమైనది. పాత ఓపెన్ వీపీఎన్ నమ్మకమైనదే గానీ టీవీ పెట్టెల్లోని చిన్న ప్రాసెసర్లను అలసగొడుతుంది.

ఆన్ చేశాక ఒక పరీక్ష. ‘డీఎన్‌ఎస్ లీక్ టెస్ట్’ అని వెతికి ఏదో ఒక సైటు తెరవండి. ఫలితంలో మీ ఇంటర్నెట్ కంపెనీ పేరు, జియో అనో ఎయిర్‌టెల్ అనో కనపడిందంటే, సైట్ల పేర్లు అడిగే పని ఇంకా పాత దారిలోనే జరుగుతోంది. ఐపీవీ6 అనే కొత్త రకం ఐపీ అడ్రసు కూడా ఇలాగే పక్క నుంచి జారిపోతుంటుంది. సెట్టింగుల్లో వీపీఎన్ సొంత డీఎన్‌ఎస్ వాడమని పెట్టి, ఐపీవీ6 లీక్ రక్షణ ఆన్ చెయ్యండి. వీపీఎన్ తెగితే ఇంటర్నెట్ కూడా ఆపేసే కిల్ స్విచ్ ఆన్‌లో ఉంచడం మంచిదే. తర్వాత ఎప్పుడైనా అసలు నెట్టే రావడం లేదని కంగారుపడితే ముందు దాన్నే చూడండి. బ్యాంకు, యూపీఐ యాప్‌లను స్ప్లిట్ టన్నెలింగ్‌లో పెట్టి వీపీఎన్ బయటే ఉంచండి. కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసి, యాప్ తెరుచుకోక నిలబడటం బాగుండదు.

అమ్మానాన్నల ఇల్లే సర్వరు

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, ఇండియాలో తల్లిదండ్రుల ఇంట్లో మంచి ఫైబర్ కనెక్షను ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఆ ఇంట్లో ఒక చిన్న యంత్రం పెట్టి దాన్నే మీ వీపీఎన్ సర్వరుగా వాడుకోవడం. ఆండ్రాయిడ్ టీవీ పెట్టె, ఆపిల్ టీవీ, రాస్ప్‌బెర్రీ పై, ఏదైనా సరే. అప్పుడు బయటి ప్రపంచానికి కనపడేది డేటా సెంటరు కాదు, గుంటూరులో ఒక మామూలు ఇల్లు. మధ్యలో మీ వివరాలు చూసే వీపీఎన్ కంపెనీ కూడా లేదు.

పాత పద్ధతిలో ఇది కష్టం. మన ఇంటర్నెట్ కంపెనీల్లో చాలావాటిలో అనేక ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రసు ఇస్తారు కాబట్టి బయట నుంచి నేరుగా ఇంట్లోకి రావడం కుదరదు. టెయిల్‌స్కేల్ లాంటి సర్వీసులు ఆ చిక్కును దాటేస్తాయి. రెండు చోట్లా ఒకే ఖాతాతో లాగిన్ అయి, ఇండియా యంత్రాన్ని ఎగ్జిట్ నోడ్‌గా, అంటే బయటికి వెళ్లే ద్వారంగా, ఆమోదిస్తే చాలు. మీకు అందే వేగం ఆ ఇంటి అప్‌లోడ్ వేగమే. అది 20 ఎంబీపీఎస్ దాటితే హెచ్‌డీ సినిమాకు సరిపోతుంది.

అసలు ఇబ్బందులు వేరే చోట వస్తాయి. అమెరికాలో మీకు రాత్రి అయ్యేసరికి అక్కడ పొద్దున. నాన్నగారు లేచి, రాత్రంతా ఏదో లైటు వెలుగుతోందని స్విచ్ బోర్డు దగ్గర టక్కున ఆపేస్తారు. మీ సినిమా ఆగిపోతుంది. ప్లగ్గు మీద ‘ఆపవద్దు’ అని ఒక చీటీ అంటించి, ఎందుకో కూడా ఆయనకు చెప్పండి. కరెంటు పోయినప్పుడు నిలబడటానికి రూటరుకు ఒక మినీ యూపీఎస్ పెట్టించండి, అది వాళ్లకు కూడా పనికొస్తుంది. స్నేహితులకు ఈ లాగిన్ పంచకండి. అక్కడి నుంచి బయటికి వెళ్లే ప్రతిదీ ఇంటర్నెట్ కంపెనీ రికార్డుల్లో నాన్నగారి పేరు మీదే నమోదవుతుంది. ఇంకోటి, కనపడేది ఇంటి అడ్రసే అయినా, మీరు వేరే దేశంలో ఉండి చూస్తున్నారన్నది ఓటీటీ నిబంధనల దృష్టిలో మారదు.

డబ్బు కట్టేటప్పుడు

పైన చెప్పినవన్నీ చూసుకుని, అయినా వీపీఎన్ కంపెనీకే డబ్బు కట్టాలని నిశ్చయించుకుంటే, రెండేళ్ల చందా వెంటనే కట్టకండి. నెల చందా ఖరీదుగా కనపడినా మొదట అదే తీసుకోండి. లేదా ముప్పై రోజుల్లో డబ్బు వాపసు ఇచ్చే కంపెనీని ఎంచుకోండి, పేరున్నవాటిలో చాలా కంపెనీలు ఇస్తున్నాయి. ఆ నెలలో మీకు కావలసిన యాప్, మీ సొంత టీవీలో, జనమంతా చూసే రాత్రి తొమ్మిది గంటలప్పుడు, వారం రోజులు వరసగా పనిచేసిందో లేదో చూడండి. లాగ్‌లు ఉంచుకోం అన్న మాటను బయటి ఆడిటర్ల చేత తనిఖీ చేయించిన కంపెనీ అయితే కొంత నయం. మొదటి చందా ధర కింద చిన్న అక్షరాల్లో రెన్యువల్ ధర ఉంటుంది, చాలాసార్లు రెట్టింపు కన్నా ఎక్కువ. కొన్న రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి. ఆపినా కట్టిన గడువు తీరేదాకా సర్వీసు పనిచేస్తుంది.